ఇంగ్లండ్‌లో ఇంటి మీద కట్టే కౌన్సిల్ టాక్స్‌లో పోలీసు వాటా ఏటా పెరుగుతోంది, షెడ్డు దొంగ మాత్రం దొరకడు. డబ్బంతా ఎటు పోతోంది?

పెడల్‌పంతులు:
షెడ్డు తాళం పగలగొట్టి ఎలక్ట్రిక్ సైకిల్ ఎత్తుకెళ్లారు. పొద్దున్నే చూసుకుని ఆన్‌లైన్‌లో రిపోర్టు ఇచ్చాను. మధ్యాహ్నానికి క్రైమ్ నంబర్ వచ్చింది, పర్లేదే అనుకున్నాను. సాయంత్రానికి ఇంకో మెయిల్. ఆధారాలు సరిపోవు కాబట్టి కేసు మూసేస్తున్నారట. ఆధారాలేమిటో ఒక్కరు అడిగితే కదా సరిపోతాయో లేదో తెలిసేది! ఎదురింటివాళ్ల డోర్‌బెల్ కెమెరాలో మనిషి శుభ్రంగా కనిపిస్తున్నాడు, హుడీ కూడా వేసుకోలేదు.
అదే వారం కౌన్సిల్ టాక్స్ బిల్లు వచ్చింది. పోలీసు వాటా మళ్లీ పెంచారు. వీళ్లేమో నిధులు లేవంటారు, మనమేమో కట్టిందే కడుతున్నాం. ఇంగ్లండ్‌లో ఈ డబ్బు నిజంగా ఎటు పోతుందో తెలిసినవాళ్లు ఎవరైనా చెబుతారా? తిట్టడానికి కాదు, అర్థం చేసుకుందామని. సరే, కొంచెం తిట్టడానికి కూడా.

వానకోడి:
క్రైమ్ నంబర్ ఇచ్చేది ఇన్సూరెన్స్ కోసం మాస్టారూ, దొంగ కోసం కాదు.

పన్నుపోటు:
ఇందులో అర్థం చేసుకోవడానికేముంది? స్పీడ్ కెమెరాల దగ్గర కాపు కాస్తే డబ్బులొస్తాయి, మీ షెడ్డు దగ్గర కాస్తే ఏమొస్తుంది? అందుకే అక్కడుంటారు.

లెక్కల_బావ:
@పన్నుపోటు, ఆ 100 పౌండ్ల జరిమానా పోలీసులకు రాదు, నేరుగా ట్రెజరీకి, అంటే ప్రభుత్వ ఖజానాకు వెళ్తుంది. జరిమానా బదులు స్పీడ్ గురించి నేర్పే కోర్సుకు వెళ్తే ఆ ఫీజులో కొంత ఖర్చుల కింద పోలీసులకు వస్తుంది, అంతే. దాంతో స్టేషన్లు నడవవు.
పంతులు గారూ, మీ ప్రశ్నకు వస్తే డబ్బు ప్రధానంగా రెండు దార్లలో వస్తుంది. ఒకటి హోం ఆఫీస్ ఇచ్చే గ్రాంటు, రెండోది మన కౌన్సిల్ టాక్స్‌లో పోలీసు వాటా, అంటే ప్రిసెప్ట్. 2010లో ప్రభుత్వం గ్రాంటును నాలుగేళ్లలో 20 శాతం కోస్తానంది, కోసింది. ఆ లోటులో కొంత ప్రిసెప్ట్ పెంచి పూడ్చుకోమన్నారు. మీ బిల్లు పెరగడానికి అదొక పెద్ద కారణం. మీరు ఎక్కువ కడుతున్నారు కాబట్టి వాళ్లకు ఎక్కువ వస్తోందని కాదు, ఒక జేబులో తగ్గింది ఇంకో జేబులోంచి తీస్తున్నారు. రెండు జేబులూ మనవే అనుకోండి.

పన్నుపోటు:
అయితే అందరికీ సమానంగానే తగ్గిందిగా, ఏడుపెందుకు?

లెక్కల_బావ:
సమానంగా తగ్గలేదు, అసలు గొడవ అక్కడే ఉంది. నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2018లో లెక్క తీసింది. 2010-11 నుంచి 2018-19 వరకు ధరల పెరుగుదల తీసేస్తే మొత్తం పోలీసు నిధులు 19 శాతం తగ్గాయి. కానీ సర్రేలో తగ్గింది 11 శాతం, నార్తంబ్రియాలో 25 శాతం. సర్రేలో ఇళ్లు ఖరీదైనవి, పన్ను బాగా వస్తుంది, గ్రాంటు మీద ఆధారపడటం తక్కువ. నార్తంబ్రియా ఎక్కువగా గ్రాంటు మీదే బతికేది, కాబట్టి కోత పూర్తిగా దాని నెత్తిన పడింది.
ఇళ్లను విలువను బట్టి బ్యాండ్లుగా విడగొడతారు, ఎ అన్నిటికంటే చవక. 2025-26లో బ్యాండ్ డి ఇంటి మీద 14 పౌండ్ల దాకా పెంచుకోవచ్చన్నారు. ఆ 14 పౌండ్లు బ్యాండ్ ఎ, బి ఇళ్లే ఎక్కువున్న చోట ఎంత రాలుతాయి, పెద్ద ఇళ్లున్న చోట ఎంత రాలుతాయి? అవసరం ఉన్నచోట తక్కువ, లేనిచోట ఎక్కువ.
గ్రాంటు పంచే ఫార్ములా మారుస్తామని 2015లో బయలుదేరారు. హోం ఆఫీసే తప్పుడు డేటాతో లెక్క కట్టిందని డెవన్ అండ్ కార్న్‌వాల్ పోలీసు వాళ్లు పట్టుకున్నారు. ఆ సమీక్ష అక్కడితో ఆగిపోయింది.

వానకోడి:
అంటే ఆ ఏడాది పోలీసులు సొంతంగా ఛేదించిన పెద్ద కేసు అదే అన్నమాట 😂

రాత్రిడ్యూటీ:
నేను స్పెషల్ కానిస్టేబుల్‌ని. వారమంతా ఐటీ ఉద్యోగం, నెలలో కొన్ని రాత్రులు యూనిఫాం, జీతం లేదు. లోపలి నుంచి కనిపించేది చెబుతాను.
శుక్రవారం రాత్రి షిఫ్ట్ మొదట్లో బ్రీఫింగ్‌లో కూర్చుంటాం. బోర్డు మీద పేర్లు చాలానే ఉంటాయి. సార్జెంట్ ఒక్కో పేరు పక్కన రాసుకుంటూ పోతాడు. ఒకరు ఆసుపత్రిలో నిందితుడికి కాపలా, ఇద్దరు నేరం జరిగిన చోట టేప్ దగ్గర నిలబడాలి, ఒకరు కస్టడీలో, ఒకరికి కోర్టు ఉంది కాబట్టి పొద్దున్నే రావాలి, రాత్రి పని చేయకూడదు. చివరికి 999 అత్యవసర కాల్స్‌కి వెళ్లడానికి మిగిలేది వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. అందులో జీతం లేనివాణ్ణి నేనొకణ్ణి. షెడ్డు కేసు ఆ బోర్డు దాకా రానే రాదు పంతులు గారూ, ఏ కేసు చూడాలో ఏది వదలాలో తేల్చే స్క్రీనింగ్‌లో ముందే పోతుంది. లండన్ పోలీసులు, అంటే మెట్ వాళ్లు, 2017లో దీన్ని కాగితం మీదే పెట్టారు. 50 పౌండ్ల లోపు దొంగతనాలను మామూలుగా దర్యాప్తు చేయబోమన్నారు.
అయితే మీ విషయంలో ఒక దారుంది. 2023 ఆగస్టులో ఇంగ్లండ్, వేల్స్ పోలీసు దళాలన్నీ ఒక మాట ఇచ్చాయి. ఎంత చిన్న నేరమైనా సరే, నిందితుడి దాకా చేర్చగల ఆధారం ఉంటే దాన్ని వెంబడిస్తామని. ఆ డోర్‌బెల్ వీడియో అలాంటిదే. క్రైమ్ నంబర్ వేసి, వీడియో ఉందని, కేసు మళ్లీ చూడమని రాయండి. మర్యాదగా రాయండి, ఇక్కడ రాసినట్టు కాదు.

పెడల్‌పంతులు:
@రాత్రిడ్యూటీ థాంక్స్ తమ్ముడూ, ఈ రాత్రికే రాస్తాను. మరి దొంగతనం జరిగిన ప్రతి ఇంటికీ వస్తామని ఆమధ్య వార్తల్లో విన్నానే?

రాత్రిడ్యూటీ:
2022లో ఇచ్చిన మాట అది. ఇంట్లోకి దొంగ జొరబడితే. తోటలో విడిగా ఉన్న షెడ్డు అందులోకి రాదు.

వానకోడి:
ఈసారి సైకిల్ హాల్లో పెట్టండి.

పన్నుపోటు:
ఇదంతా 2019 ముందు కథ. తర్వాత 20 వేల మందిని తీసుకున్నారుగా? రికార్డు స్థాయిలో పోలీసులున్నారని ఊదరగొట్టారు. వాళ్లంతా ఏరీ?

దస్త్రాలక్క:
ఆ 20 వేల మంది ఎక్కడున్నారో నేను చెబుతాను, నా కుర్చీలో ఉన్నారు.
నేను పోలీసు స్టాఫ్‌గా పనిచేసేదాన్ని, ఆఫీసర్‌ని కాదు. కేసు ఫైళ్లు తయారుచేసే విభాగం. ఏ ఫోర్స్ అన్నది వదిలేయండి. ఇక్కడ కానిస్టేబుల్‌ని ఉద్యోగం లేదని ఇంటికి పంపడం కుదరదు. చట్టం ప్రకారం వాళ్లు పదవిలో ఉన్నవాళ్లు, ఉద్యోగులు కారు, రిడండెన్సీ వర్తించదు. కోతల కాలంలో ఎ19 అనే రూలు వెతికి పట్టుకుని, 30 ఏళ్ల సర్వీసు నిండిన ఆఫీసర్లను బలవంతంగా రిటైర్ చేశారు కొన్నిచోట్ల. దాని మీద కేసులు అప్పీల్ కోర్టు దాకా వెళ్లాయి. మాలాంటి స్టాఫ్‌కు అంత తతంగం అక్కర్లేదు. కన్సల్టేషన్ అన్నారు, మీటింగ్ పెట్టారు, టీ ఇచ్చారు, లెటర్ ఇచ్చారు.
మనిషి పోయినా పని పోదుగా. 2010లో 1,43,000 పైచిలుకు ఉన్న ఆఫీసర్లు 2018 నాటికి 1,22,000 దగ్గరికి వచ్చారు. 2023 మార్చికి 1,47,000 దాటారు. అంకె బాగుంది. కానీ ఆ అంకె తగ్గితే గ్రాంటులో కోత పెడతామన్నారు. అంకె కాపాడుకోవాలి కాబట్టి ఆఫీసర్లను ముట్టుకోలేదు, డబ్బు సరిపోక స్టాఫ్ ఖాళీలు నింపలేదు. నేను చేసిన పనికి ఇప్పుడు యూనిఫాంలో ఉన్న కుర్రాడు కూర్చుంటున్నాడు, నాకంటే ఎక్కువ జీతానికి. రెండు వేళ్లతో టైపు చేస్తూ.

లెక్కల_బావ:
అక్క చెప్పింది అక్షరాలా నిజం. బడ్జెట్‌లో దాదాపు ఐదింట నాలుగు వంతులు జీతాల కిందే పోతాయి. అందులో పెద్ద వాటాను ముట్టుకోకూడదని తాళం వేస్తే, మిగిలిన కాస్తలోంచే మొత్తం కోత రావాలి. ఇదే పని నేను ఇంకో ప్రభుత్వ సంస్థలో చేస్తున్నాను కాబట్టి ఆ నొప్పి తెలుసు.

గోధుమరంగు:
@దస్త్రాలక్క, ఫైలు పని అంటే ఏమిటక్కా? అంత మనుషులు కావాలా? కంప్యూటర్లు వచ్చాక తగ్గాలి కదా.

దస్త్రాలక్క:
పెరిగింది తమ్ముడూ. ఒక ఇంట్లో భర్త కొట్టాడని కాల్ వస్తుంది. వెళ్లిన ఇద్దరు ఆఫీసర్లకూ ఒంటి మీద కెమెరాలు, రెండిట్లో వీడియో. ఆమె మాట్లాడుతూ అక్క ఊరు పేరు, ఫోన్ నంబర్ చెబుతుంది. వెనకాల పిల్లాడు, వాడి స్కూలు స్వెట్టర్ మీద బడి పేరు. బయటికొస్తే పక్కింటివాళ్ల కారు నంబర్. కేసుతో సంబంధం లేని ఆ వివరాలన్నీ వెతికి చెరపాలి. మాటైతే ఆ ముక్క వరకు శబ్దం తీసేయాలి, కాగితమైతే నల్ల గీత పెట్టాలి. తర్వాత ఫోన్ డౌన్‌లోడ్, అందులో వేల మెసేజ్‌లు. 2020 చివరి నుంచి ఇదంతా ఛార్జ్ చేయాలా వద్దా అని ప్రాసిక్యూషన్ వాళ్లను అడగడానికి ముందే చేయాలి. చేసి పంపాక వాళ్లు వద్దంటే, ఆ గంటలన్నీ బూడిదలో పోసిన పన్నీరే.

గోధుమరంగు:
బాబోయ్.

కొట్టు_నడిపేవాడు:
మీరంతా జీతాల గురించి మాట్లాడుతున్నారు, పోలీసు పని సగం నేను ఫ్రీగా చేస్తున్నాను. మాది చిన్న కన్వీనియన్స్ స్టోర్. ఒకడే మనిషి, అదే సంచి, లాండ్రీ లిక్విడ్, చీజ్, చాక్లెట్ డబ్బాలు. అడ్డం నిలబడితే “పోలీసులకు ఫోన్ చేసుకో” అని వాడే చెబుతాడు. వాడికి నాకంటే బాగా తెలుసు.
ఫోన్ చేస్తే లింకు పంపుతారు. వీడియో నేనే వెతకాలి, నేనే ముక్క కత్తిరించాలి, నేనే అప్‌లోడ్ చేయాలి, స్టేట్‌మెంట్ నేనే టైపు చేయాలి. కొట్టు మూశాక కూర్చుంటే రాత్రి అవుతుంది. యూనిఫాం ఒక్కటే ఇవ్వలేదు.

పన్నుపోటు:
200 పౌండ్ల లోపు దొంగతనం నేరమే కాదని చట్టం చేశారుగా, వాడు భయపడతాడా?

రాత్రిడ్యూటీ:
నేరం కాదని ఏ చట్టమూ అనలేదు. 2014 చట్టంలో 200 పౌండ్ల లోపు షాపు దొంగతనాలను మామూలుగా కింది కోర్టులోనే తేల్చేలా మార్చారు. అరెస్టు చేయొచ్చు, శిక్ష పడొచ్చు. కానీ జనానికి చేరిన సందేశం మీరన్నదే. దొంగలకు ఇంకా త్వరగా చేరింది.

కొట్టు_నడిపేవాడు:
వాళ్లలో క్యాలిక్యులేటర్ పట్టుకుని షాపింగ్ చేసేవాళ్లున్నారు సార్, నిజంగా.

ఏడో_వార్డు:
నర్సుని. ఒక సంగతి కలుపుతాను. ఇంతకుముందు మానసిక సంక్షోభంలో ఉన్న మనిషిని పోలీసులు తెస్తే, డాక్టర్ చూసేవరకు ఇద్దరు కానిస్టేబుళ్లు కారిడార్‌లో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చునేవారు, గంటల తరబడి, రేడియో సౌండ్ తగ్గించుకుని. వాళ్లకూ అది పని కాదు, రోగికీ మంచిది కాదు. హంబర్‌సైడ్ వాళ్లు ముందుగా ఒక పద్ధతి మొదలుపెట్టారు, “సరైన మనిషి, సరైన సేవ” అని. ప్రాణాపాయమో నేరమో ఉంటేనే పోలీసులు, లేకపోతే ఆరోగ్య శాఖవాళ్లే వెళ్లాలి. 2023 జులైలో దేశం మొత్తానికి ఒప్పందం చేశారు.
కాగితం మీద నేనూ ఒప్పుకుంటాను. కానీ పోలీసులకు గంటలు మిగిలాయంటే ఆ గంటలు ఎక్కడో ఒకచోట దిగాలిగా? మా దగ్గర దిగాయి. మాకు మనుషుల్ని పెంచలేదు. రోగి వార్డులోంచి వెళ్లిపోయాడని ఫోన్ చేస్తే, ముందు మీరు ఇంటికి వెళ్లి చూశారా అంటున్నారు. రాత్రి ఇద్దరమే ఉన్నప్పుడు ఎవరు వెళ్లాలి?

రాత్రిడ్యూటీ:
అక్కా, గౌరవంగానే విభేదిస్తున్నాను. ఆ కుర్చీలో కూర్చున్న ఇద్దరు అదే రాత్రి భార్యను కొడుతున్నవాడి ఇంటికి వెళ్లాల్సినవాళ్లు. మీకు మనుషులు లేకపోవడం నిజమే, దానికి జవాబు మా యూనిఫాం కాదు.

ఏడో_వార్డు:
జవాబు మీరు కాదనే నేనూ అంటున్నా. మీరు వెళ్లిపోయే ముందు ఆ జవాబు వచ్చి ఉండాల్సిందంటున్నా.

రాత్రిడ్యూటీ:
అందులో వాదన లేదు.

క్లైడ్_గట్టు:
మా స్కాట్లాండ్ సంగతి వినండి, కడుపు చెక్కలవుతుంది. డబ్బు ఆదా అవుతుందని 2013 ఏప్రిల్ 1న ఎనిమిది పోలీసు దళాల్ని కలిపి ఒకటి చేశారు. తేదీ చూశారుగా. స్థానిక సంస్థల కింద ఉన్నంత కాలం కొన్నవాటి మీద వ్యాట్ వెనక్కి వచ్చేది. ఒకే జాతీయ దళం అయ్యేసరికి ఆ హక్కు పోయింది. అలా జరుగుతుందని ముందే హెచ్చరించారు కూడా. ఏటా కోట్ల పౌండ్లు ట్రెజరీకి కట్టుకుంటూ వచ్చారు. 2018 మార్చిలో నిబంధన మార్చారు కానీ అప్పటిదాకా కట్టింది తిరిగి ఇవ్వలేదు.

వానకోడి:
పోలీసుల డబ్బు పోయింది, కేసు మూసేశారు. క్రైమ్ నంబర్ ఇచ్చారా?

పన్నుపోటు:
@లెక్కల_బావ, మరి బిల్డింగులు అమ్మారు కదా? లండన్ పోలీసుల హెడ్డాఫీసు న్యూ స్కాట్లాండ్ యార్డే 2014లో 370 మిలియన్ పౌండ్లకు అమ్మేశారు. మా ఊళ్లో పోలీసు స్టేషన్ ఇప్పుడు ఫ్లాట్లు. ఆ డబ్బుతో ఎంతమందిని పెట్టుకోవచ్చు?

లెక్కల_బావ:
మామూలుగా ఒక్కర్ని కూడా పెట్టుకోలేరు. ఆస్తి అమ్మిన డబ్బు మళ్లీ ఆస్తుల మీదే పెట్టాలి. బిల్డింగులు, వాహనాలు, కంప్యూటర్లు, లేదా అప్పు తీర్చడం. జీతాలకు వాడకూడదన్నది రూలు. ఆ రూలు మంచిదే, లేకపోతే ఇల్లు అమ్ముకుని తిన్నట్టే. బిల్డింగ్ అమ్మితే కరెంటు, రిపేర్లు, కౌంటర్ దగ్గర మనిషి ఖర్చు మిగులుతాయి, అది రోజువారీ ఆదా. నష్టమేమిటంటే కౌంటర్ దగ్గరికి నడిచొచ్చి చెప్పుకునే ముసలివాళ్ల మాట ఇక ఎవరి చెవికీ చేరదు. ఆ నష్టం ఏ బ్యాలెన్స్ షీట్‌లోనూ కనిపించదు.

గోధుమరంగు:
ఫుట్‌బాల్ క్లబ్బుల దగ్గర వసూలు చేయొచ్చుగా? వారం వారం అంతమంది పోలీసులు.

రాత్రిడ్యూటీ:
వసూలు చేస్తారు, స్టేడియం లోపలికే. లీడ్స్ యునైటెడ్ కోర్టుకెక్కింది. 2013లో అప్పీల్ కోర్టు తేల్చింది, క్లబ్బు సొంత స్థలంలోనో దాని అదుపులో ఉన్న స్థలంలోనో చేసిన డ్యూటీకే డబ్బు అడగాలని. బయట రోడ్ల మీద కొట్టుకుంటే అది మామూలు శాంతిభద్రతల పని, మన పన్నుల్లోంచే.

పన్నుపోటు:
చూశారా, చివరికి నా జేబే.
ఒక్క మాట. జనాన్ని నేరుగా అడగండి, ఎక్కువ కడతారా అని. అప్పుడు తేలిపోతుంది.

లెక్కల_బావ:
అడిగారు. ఇక్కడ పోలీసు వాటా ఎంతో నిర్ణయించేది జనం ఎన్నుకునే కమిషనర్. బెడ్‌ఫర్డ్‌షైర్ కమిషనర్ 2015 మేలో, సాధారణ ఎన్నికల రోజునే రెఫరెండం పెట్టాడు. పోలీసు వాటా 15.8 శాతం పెంచితే అదనంగా వంద మంది ఆఫీసర్లను పెట్టుకోవచ్చన్నాడు. దాదాపు 70 శాతం మంది వద్దన్నారు. ఆ తర్వాత ఇంకెవరూ ఆ సాహసం చేయలేదు, రెఫరెండం అక్కర్లేని పరిమితి లోపలే పెంచుకుంటూ పోతున్నారు.

పన్నుపోటు:
బెడ్‌ఫర్డ్‌షైర్ జనానికి నా నమస్కారం.

కొట్టు_నడిపేవాడు:
అందులో సగం మంది ఇప్పుడు పోలీసులు రావట్లేదని గోల చేస్తూ ఉంటారు, రాసిపెట్టుకోండి.

పెడల్‌పంతులు:
అప్‌డేట్. రాత్రిడ్యూటీ చెప్పినట్టు రాశాను. ఒక అమ్మాయి ఫోన్ చేసింది, వీడియో పంపమంది, పంపాను. కేసు తెరిచారు. సైకిల్ వస్తుందన్న ఆశ లేదు గానీ, ఆ అమ్మాయి మాత్రం ఓపిగ్గా మాట్లాడింది. ఇంకెన్ని కేసులున్నాయమ్మా అని అడిగితే నవ్వేసి ఊరుకుంది.
ఇంకో ప్రశ్న. కమిషనర్ పదవినే తీసేస్తున్నారట కదా? మరి మన బిల్లు ఎవరు పెంచుతారు?

లెక్కల_బావ:
2012లో మొదలైన పదవి, 2028 మేలో రద్దు చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. మేయర్లున్న చోట మేయర్లకు, లేనిచోట కౌన్సిల్ నాయకులతో ఏర్పడే బోర్డుకు పోతుంది. బిల్లు పెంచేవాళ్ల కొరత మాత్రం రాదు, నిశ్చింతగా ఉండండి.

గోధుమరంగు:
@రాత్రిడ్యూటీ అన్నా, స్పెషల్‌గా చేరాలంటే బ్రిటిష్ పాస్‌పోర్టు ఉండాలా? నాకు ఐఎల్ఆర్, అంటే శాశ్వతంగా ఉండే అనుమతి వచ్చింది, పాస్‌పోర్టు ఇంకా ఇండియాదే.

రాత్రిడ్యూటీ:
అక్కర్లేదు. కామన్వెల్త్ దేశం పౌరుడివి, ఇక్కడ ఉండటానికి గడువు షరతు లేదు, చాలు. ఎన్నేళ్లుగా ఇక్కడ ఉన్నావన్నది మాత్రం వెట్టింగ్ కోసం, అంటే మన పూర్వాపరాల తనిఖీ కోసం చూస్తారు, ఫోర్స్‌ని బట్టి మారుతుంది. వెట్టింగ్‌కు నెలలు పడుతుంది, విసుగు పడొద్దు. 2012లో 20 వేలకు పైగా ఉన్న స్పెషల్స్‌లో ఇప్పుడు మూడో వంతు కూడా లేరు, అప్లై చేస్తే కళ్లకద్దుకుంటారు. మంచి బూట్లు మాత్రం నువ్వే కొనుక్కో. వాళ్లిచ్చేవి వేసుకుని రాత్రంతా టేప్ దగ్గర నిలబడలేవు.

వానకోడి:
బూట్లకు ఏ బడ్జెట్ హెడ్డో బావగారిని అడగండి.

లెక్కల_బావ:
రెవెన్యూ. రోజువారీ ఖర్చు.